అడుగు కలిసిన కాంతి

1961 ఆగస్టు 15న వెలువడిన ఫిజికల్ రివ్యూ లెటర్స్ సంచికలో ఒక ఫొటో ఉంది. స్పెక్ట్రోగ్రాఫ్‌లో పెట్టి తీసిన ప్లేటు అది. కుడిపక్క కెంపు లేజర్ ఎర్రకాంతి పడి ఏర్పడ్డ పెద్ద మచ్చ, ఎడమపక్క 347.2 నానోమీటర్ల దగ్గర ఒక బాణం గుర్తు. బాణం చూపిస్తున్న చోట మాత్రం ఏమీ కనిపించదు. అక్కడ ఒక చిన్న చుక్క ఉండాలి. బొమ్మను అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు పత్రికవాళ్లు దాన్ని మరక అనుకొని చెరిపేశారని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

చెరిపినవాళ్లను తప్పుపట్టాలనిపించదు. ఆ చుక్క అంత బలహీనమైనది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్, అలన్ హిల్, పీటర్స్, గాబ్రియల్ వైన్‌రైక్ కలిసి ఆ ప్రయోగం చేశారు. అదే ఊళ్లోని ట్రయాన్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన కెంపు లేజర్ వాళ్ల చేతికొచ్చింది. మెయిమన్ తొలి లేజర్‌ను వెలిగించి అప్పటికి ఏడాది దాటింది, అంతే. మిల్లీసెకను పాటు వెలిగి సుమారు 3 జౌళ్ల శక్తినిచ్చే 694.3 నానోమీటర్ల ఎర్రకాంతిని కటకంతో కుదించి ఒక క్వార్ట్జ్ స్ఫటికంలోకి పంపారు. కాంతి కుదించుకున్న చోట విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు లక్ష వోల్టుల స్థాయికి చేరుతుంది. మామూలు దీపపు కాంతికి స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు ఆ కాంతి ఎంత ఊపితే అంతే, దాని లెక్కకు సరిగ్గా లోబడి ఊగుతాయి. క్షేత్రం ఇంత బలంగా ఉన్నప్పుడు ఆ లెక్క కొద్దిగా తప్పుతుంది. ఆ తప్పిన భాగంలోంచి రెట్టింపు పౌనఃపున్యం, అంటే సగం తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి పుడుతుంది. ఫోటాన్ల భాషలో చెప్పాలంటే రెండు ఎర్ర ఫోటాన్లు కరిగి ఒక అతినీలలోహిత ఫోటాన్ తయారవుతుంది. ఫ్రాంకెన్ బృందానికి దక్కిన కాంతి, లోపలికి పంపినదానిలో ఇంచుమించు పది కోట్లలో ఒక వంతు.

పది కోట్లలో ఒక వంతు దగ్గర మొదలైన ఈ దక్షత అర్ధ శతాబ్దంలో నూటికి 95 వంతులకు చేరింది. ఈ ప్రయాణాన్ని చెప్పేటప్పుడు సాధారణంగా సిద్ధాంతకర్తల పేర్లు ముందుంటాయి. అందులో అన్యాయమేమీ లేదు. కానీ కాలక్రమాన్ని దగ్గరపెట్టుకుని చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. అవసరమైన మూలసిద్ధాంతమంతా 1962 చివరికే కాగితం మీద సిద్ధంగా ఉంది. ఆ తరవాత పట్టిన కాలంలో చాలాభాగం ఆ కాగితానికి తగిన స్ఫటికాన్ని పెంచడానికి పట్టిన కాలమే.

క్వార్ట్జ్‌తో వచ్చిన చిక్కేమిటో ముందు చూడాలి. పారదర్శకమైన పదార్థంలో సాధారణంగా పొట్టి తరంగానికి వక్రీభవన గుణకం ఎక్కువ, కాబట్టి అది నెమ్మదిగా నడుస్తుంది. ఎర్రకాంతి స్ఫటికంలో ముందుకు సాగుతూ అడుగడుగునా కొత్తగా అతినీలలోహిత కాంతిని పుట్టిస్తూ పోతుంది. వెనక పుట్టినది మాత్రం ఎర్రకాంతితో సమానంగా నడవలేక వెనకబడుతుంది. కోలాటంలో ఒక వరుసవాళ్లు లయకు కొంచెం వెనకబడితే మొదటి రెండు మూడు దెబ్బలు ఎలాగో కలుస్తాయి. ఆ తరవాత ఒకరి కోల పైకి లేచేటప్పుడు మరొకరిది కిందికి దిగుతుంది. ఇక్కడా అంతే. కొంతదూరం పోయాక కొత్తగా పుట్టిన తరంగపు శిఖరం, ముందు పుట్టిన తరంగపు లోయ మీద పడుతుంది. అక్కడినుంచి శక్తి తిరిగి ఎర్రకాంతిలోకే వెళ్లిపోతుంది. క్వార్ట్జ్‌లో కెంపు కాంతికి ఆ దూరం పది మైక్రాన్లకు అటూ ఇటూ, తలవెంట్రుక మందంలో కొద్ది భాగం. స్ఫటికం సెంటీమీటరు పొడవున్నా పనికొచ్చేది ఆ కాస్తే.

ఈ సంగతిని కళ్లకు కట్టినట్టు చూపించింది ఒక కార్ల కంపెనీ ప్రయోగశాల. డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ కంపెనీకి ఆ రోజుల్లో నిజమైన భౌతికశాస్త్రం చేసే పరిశోధన విభాగం ఉండేది. అక్కడ పాల్ మేకర్, రాబర్ట్ టెర్హ్యూన్, మరో ఇద్దరు కలిసి పల్చటి క్వార్ట్జ్ పలకను లేజర్ దారిలో నిలబెట్టి మెల్లగా తిప్పారు. పలక వాలినకొద్దీ అందులో కాంతి నడిచే దూరం రవ్వంత పెరుగుతుంది. ఆ రవ్వంతకే అతినీలలోహిత కాంతి పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. గ్రాఫు మీద ఆ ఎత్తుపల్లాలను నేటికీ మేకర్ చారలనే అంటారు. కొత్త స్ఫటికం చేతికొస్తే దాని గుణం కొలవడానికి ఇప్పటికీ చాలామంది మొదట చేసే పని ఇదే.

జబ్బును కనిపెట్టినవాళ్లే మందు కూడా చెప్పారు. 1962 జనవరి 1 నాటి సంచికలో ఫోర్డ్ బృందం ఉత్తరం, బెల్ లాబ్స్‌కు చెందిన జోసెఫ్ జోర్డ్‌మెయిన్ ఉత్తరం పక్కపక్కనే వచ్చాయి. ఇద్దరూ విడివిడిగా ఒకే ఉపాయానికి చేరుకున్నారు. కొన్ని స్ఫటికాల్లో కాంతి వేగం అది ఏ దిశలో కంపిస్తోందన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ ద్వివక్రీభవనం కాల్సైట్ కాలం నుంచీ తెలిసినదే. అలాంటి స్ఫటికంలో ఎర్రకాంతిని ఒక కంపనదిశలో పంపి, అతినీలలోహితాన్ని దానికి లంబమైన దిశలో పుట్టనిస్తే, సరైన కోణం దగ్గర రెండింటి వేగాలూ సమానమవుతాయి. ఇద్దరూ ఎంచుకున్నది పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, ప్రయోగశాల వాడుకలో కేడీపీ. కెంపు కాంతికి ఆ కోణం 50 డిగ్రీలకు దగ్గర. ఆ కోణానికి స్ఫటికాన్ని తిప్పగానే అతినీలలోహితం వందల రెట్లు ఎగసింది. ఇలా వేగాలు కలపడాన్ని చెప్పే ఫేజ్ మ్యాచింగ్ అన్న మాట అప్పటినుంచి ఈ వృత్తిలో నిత్యం వినబడే మాటయింది.

కేడీపీ అప్పుడే ఎందుకు దొరికిందన్న ప్రశ్నకు జవాబు ఆప్టిక్స్‌లో లేదు. ఈ కుటుంబానికే చెందిన ఏడీపీ అనే అమ్మోనియం లవణాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పెద్ద ఎత్తున పెంచారు. నీటిలో జలాంతర్గాముల జాడ పట్టే సోనార్ పరికరాలకు అది కావాలి. నీటిలో కరిగించి, ద్రావణాన్ని రోజుకు కొద్దికొద్దిగా చల్లారుస్తూ, గింజ స్ఫటికం మీద పొరలు పొరలుగా పేరుకోనిస్తూ నెలల తరబడి పెంచడం తెలిసిన చేతులు అప్పటికే ఉన్నాయి. తొలి ఫేజ్ మ్యాచింగ్ వెనక ఆ సోనార్ కాలపు పనితనం ఉంది.

హార్వర్డ్‌లో అదే సమయంలో నికొలాస్ బ్లూంబర్గన్ తన సహచరులు ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్వింగ్, పెర్షన్‌లతో కలిసి లెక్క మొత్తం తేల్చారు. 1962లో ఫిజికల్ రివ్యూలో వచ్చిన ఆ వ్యాసం ఈ రంగానికి మూలగ్రంథం లాంటిది. అడుగు కలిసినంతసేపూ దక్షత కాంతి తీవ్రతకు అనులోమంగా, స్ఫటికం పొడవు వర్గానికి అనులోమంగా, స్ఫటికపు అరేఖీయ గుణకం (ఎలక్ట్రాన్ల ఊగులో లెక్క ఎంతగా తప్పుతుందో చెప్పే కొలత) వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే ఫలితం నాలుగింతలు. ఎర్రకాంతి తరిగిపోతున్నకొద్దీ పెరుగుదల మందగిస్తుంది గాని ఆగదు. సూత్రరీత్యా మొత్తం కాంతీ మారిపోవచ్చు. అదే వ్యాసంలో మరో ఉపాయం కూడా ఉంది. అడుగు తప్పబోయే ప్రతిచోటా స్ఫటికం దిశను తలకిందులు చేయగలిగితే, వేగాలు కలవకపోయినా పరవాలేదు, శక్తి వెనక్కి మళ్లదు. ఉపాయం చెప్పడానికి తేలిక. కొద్ది మైక్రాన్లకోసారి దిశ మారే స్ఫటికాన్ని 1962లో తయారుచేయగలవాళ్లు ప్రపంచంలో లేరు. ఆ పేరాగ్రాఫు ముప్పై ఏళ్లు ఎదురుచూసింది.

లేజర్లూ ఈలోగా మారాయి. పొడవైన మిల్లీసెకను మెరుపు స్థానంలో, శక్తినంతా నానోసెకన్లలో వదిలే క్యూ-స్విచ్ లేజర్ వచ్చింది. తీవ్రత వేల రెట్లు పెరిగింది. 1963లో ఫోర్డ్ బృందం ఐదో వంతు కాంతిని మార్చగలిగింది. చెరిగిపోయిన చుక్క నుంచి ఇక్కడికి రెండేళ్లు కూడా పట్టలేదు. అయితే ఇది క్షణంలో కోట్లో వంతు కాలం వెలిగే కాంతికి దక్కిన ఫలితం. నిరంతరం వెలిగే, తీవ్రత తక్కువగా ఉండే లేజర్ల విషయంలో దక్షత ఇంకా శాతంలో అతి చిన్న భాగమే. ఆ తరవాతి కథంతా ప్రధానంగా ఈ రెండోరకం కాంతిది.

ఏ స్ఫటికాన్ని ఎంచుకోవాలన్నది సౌష్ఠవంతో మొదలవుతుంది. కేంద్రానికి ఇరుపక్కలా ఒకేలా ఉండే స్ఫటికంలో ఈ ప్రభావం పూర్తిగా రద్దయిపోతుంది. 32 స్ఫటిక తరగతుల్లో 11 ఈ ఒక్క కారణంతోనే పక్కకు పోతాయి. మిగిలినవాటిలోనూ ఏ దిశలో ఎన్ని గుణకాలు బతుకుతాయో సమూహ సిద్ధాంతం ముందే చెబుతుంది. ఇలాంటి లెక్కను స్ఫటికాల భౌతిక ధర్మాలకు క్రమబద్ధంగా వర్తింపజేసినవారిలో కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది, లేజర్ పుట్టడానికి పన్నెండేళ్ల ముందు. స్ఫటిక సౌష్ఠవం మీద ఆయన మరో గ్రంథం 1966లో వచ్చింది. వాల్తేరులో ఆ లెక్కలు వేసినప్పుడు రెట్టింపు పౌనఃపున్యపు కాంతి ఎవరి ఊహలోనూ లేదు. అయినా పద్ధతి అదే.

సౌష్ఠవం ఒప్పుకున్నంత మాత్రాన గుణకం పెద్దదిగా ఉండాలని లేదు. కేడీపీ గుణకం చిన్నది. 1964లో బెల్ లాబ్స్ లిథియం నయోబేట్‌ను ముందుకు తెచ్చింది. దాని గుణకం కేడీపీ కంటే ఇంచుమించు పదిరెట్లు. పైగా ఇందులో ఉష్ణోగ్రత మార్చి వేగాలు కలపవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. కోణం తిప్పి వేగాలు కలిపే పద్ధతిలో ఒక అవగుణం ఉంది: పుట్టిన కిరణం అసలు కిరణం నుంచి ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరిగిపోతుంది. కిరణం సన్నగా ఉంటే కొద్ది మిల్లీమీటర్లలోనే రెండూ విడిపోతాయి. అక్షానికి సరిగ్గా 90 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రతతో కలిపితే ఈ జారుడు ఉండదు, పొడవైన స్ఫటికం పూర్తిగా పనికొస్తుంది. కిరణాన్ని ఎంత సన్నగా కుదించాలన్నదానికీ బెల్ లాబ్స్‌లోనే జవాబు దొరికింది. మరీ కుదిస్తే కిరణం త్వరగా విచ్చుకుపోతుంది, కుదించకపోతే తీవ్రత చాలదు. 1968లో బాయిడ్, క్లైన్‌మన్ ఈ రెండింటి మధ్య సరైన నిష్పత్తిని లెక్కగట్టారు. జారుడు లేని స్ఫటికంలో, కిరణం సన్నగా నిలిచే దూరానికి 2.84 రెట్లు పొడవుండాలి. ఈ సంఖ్యను నేటికీ ప్రయోగశాలల్లో నోటికి చెబుతారు.

లిథియం నయోబేట్‌ను పెంచే పద్ధతి కేడీపీకి పూర్తిగా వేరు. ప్లాటినం మూసలో దాదాపు 1250 డిగ్రీల దగ్గర కరిగిన ముద్దకు గింజ స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ, గంటకు కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పైకి లాగాలి. పోలండ్‌కు చెందిన చొక్రాల్స్‌కీ పేరున ఉన్న పద్ధతి ఇది. ఇందులో ఒక మెలిక ఉంది. లిథియం, నయోబియం సమానంగా కలిపి కరిగించినా స్ఫటికంలోకి లిథియం తక్కువగా ఎక్కుతుంది. స్ఫటికం పెరిగేకొద్దీ మూసలో మిగిలిన ద్రవం కూర్పు మారిపోతుంది, దాంతో స్ఫటికం ఒక కొసకూ మరో కొసకూ వేగాలు కలిసే ఉష్ణోగ్రత మారిపోతుంది. పొడవు వర్గం లెక్కన రావాల్సిన లాభమంతా ఈ చిన్న తేడాతో గాలికిపోతుంది. లిథియం సుమారు 48.5 శాతం ఉండేలా ముద్దను కలిపితే ద్రవం, స్ఫటికం ఒకే కూర్పులో నిలుస్తాయని తేలాకే ఈ పదార్థం దారికొచ్చింది.

దారికొచ్చిందనుకునేలోపు మరో దెబ్బ. 1966లో బెల్ లాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ బృందం ఒక వింతను నమోదు చేసింది. స్ఫటికంలోంచి పోతున్న లేజర్ కిరణం, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలి కాంతి, కాసేపట్లోనే చెదిరిపోయి, సాగి, ఆకారం లేకుండా పోతోంది. కాంతి నడిచిన దారిలో వక్రీభవన గుణకమే మారిపోతోంది. స్ఫటికం పగలలేదు, నల్లబడలేదు. వేడిచేస్తే మళ్లీ మామూలైపోతుంది. ఇనుము లాంటి మలినాల నుంచి కాంతి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, అవి పక్కకు కదిలి చీకటి భాగంలో చిక్కుకుంటాయి, అలా పేరుకున్న ఆవేశాల క్షేత్రం వక్రీభవన గుణకాన్ని మారుస్తుంది. దీని విచిత్రమేమిటంటే, దక్షత పెరిగినకొద్దీ ఆకుపచ్చ కాంతి ఎక్కువై స్ఫటికం తన ఫేజ్ మ్యాచింగ్‌ను తానే చెడగొట్టుకుంటుంది. ఈ లోపమే తరవాత హోలోగ్రాముల నిల్వకు ఉపయోగపడి వేరే శాస్త్రశాఖగా ఎదిగింది. ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చింది ఇంకో పనికి, కాంతితో సూక్ష్మకణాలను పట్టి ఆడించినందుకు. పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే డబ్లింగ్ పనివాళ్లకు మాత్రం 1966 నాటి ఆ వ్యాసం చాలాకాలం అపశకునంగానే మిగిలింది. 1984లో ఐదు శాతం దరిదాపుల్లో మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే ఈ చెదురు దాదాపుగా పోతుందని తేలేవరకూ లిథియం నయోబేట్‌ను వేడిగా ఉంచి వాడుకోవడమో, పక్కనపెట్టడమో చేశారు.

పక్కనపెట్టినవాళ్లు అరటిపండును పట్టుకున్నారు. బేరియం సోడియం నయోబేట్ సూత్రంలోని బీఏ, ఎన్‌ఏ అక్షరాల వరస చూసి బెల్ లాబ్స్‌వాళ్లు దానికి బనానా అని ముద్దుపేరు పెట్టారు. 1968లో గ్యూసిక్, వాన్ ఉయిటర్ట్ తదితరులు దీన్ని లేజర్ బయట కాకుండా లేజర్ అద్దాల మధ్యనే ఉంచారు. నియోడిమియం యాగ్ లేజర్‌లో బయటికొచ్చే కాంతి లోపల తిరిగే కాంతిలో కొద్ది శాతమే. స్ఫటికాన్ని లోపలే పెడితే ఆ పెద్ద తీవ్రత ఉచితంగా దొరుకుతుంది. నిరంతరంగా 1.1 వాట్ల ఆకుపచ్చ కాంతి, 532 నానోమీటర్ల దగ్గర, వచ్చింది. ఆ లేజర్ మామూలుగా ఇవ్వగలిగిన పరారుణ కాంతికి అది సమానం. అంటే బయటికి రాగలిగినదంతా ఆకుపచ్చగా మారి వచ్చిందన్నమాట. కాగితం మీది నూరు శాతం ఒక రకంగా నెరవేరింది.

కానీ బనానా బజారుకు రాలేదు. చల్లారుతున్నప్పుడు పగిలేది, పగలకపోతే లోపల చారలు పడేవి, చారలు లేకపోతే కవల స్ఫటికాలుగా చీలి కూర్చునేది. పత్రికలో నూరు శాతం చూపిన పదార్థం దుకాణంలో దొరకకపోతే దాని దక్షత ఎంతని చెప్పాలి? వ్యాసాల్లోని అంకెలను వరసగా పేర్చి రాసే చరిత్రలు ఈ ప్రశ్నను తప్పించుకుంటాయని నాకనిపిస్తుంది. నిలకడగా, ఒకదానిలాగే మరొకటి, వందల సంఖ్యలో పెంచగలగడం కూడా దక్షతలో భాగమే.

ఆ పరీక్షలో గెలిచినది కేటీపీ అనే స్ఫటికం. 1976లో డ్యూపాంట్ కంపెనీలో జమ్‌స్టెగ్, బీర్లీన్, గియర్ దీన్ని ప్రకటించారు. మొదట అధిక పీడనంలో, వేడినీటి ద్రావణంలో చిన్నచిన్న ముక్కలుగా పెరిగేది. ఫ్లక్స్‌లో, అంటే కరిగిన లవణాల ద్రావణంలో, పెంచడం కుదిరాక, ముఖ్యంగా చైనా ప్రయోగశాలలు ఆ పనిలోకి దిగాక, ధర దిగింది. గుణకం పెద్దది, కోణంలో కొద్ది తప్పును ఓర్చుకుంటుంది, గాలిలోని తేమకు కరగదు. ఆకుపచ్చ కాంతి ఎక్కువైతే లోపల బూడిదరంగు గీతలు పడటం దీని బలహీనత. మధుమేహంతో దెబ్బతిన్న రెటీనాకు కంటి ఆసుపత్రుల్లో వాడే 532 నానోమీటర్ల లేజర్, ఉపన్యాసకుల చేతిలోని ఆకుపచ్చ పాయింటర్, రెండూ ఈ కుటుంబం వారసత్వమే.

లేజర్ లోపల పెట్టే పద్ధతికీ ఒక శాపం ఉంది. 1986లో థామస్ బేర్ చూపించినట్టు, లేజర్‌లో ఏకకాలంలో వెలిగే కొద్ది రీతులు, అంటే కొద్ది తేడాతో ఉండే పౌనఃపున్యాలు, డబ్లింగ్ స్ఫటికంలో ఒకదానితో ఒకటి ముడిపడి, ఆకుపచ్చ కాంతి ఉన్నట్టుండి ఎగసి పడుతూ కుదురు లేకుండా పోతుంది. దీన్ని ఆకుపచ్చ సమస్య అనే పిలిచారు. అందుకే కొందరు లేజర్ బయట ప్రత్యేకంగా ఒక అద్దాల గదిని కట్టి, ఒకే పౌనఃపున్యంలో వెలిగే కాంతిని అందులో తిప్పి తీవ్రత పెంచే దారి పట్టారు. ఈ ఆలోచన కూడా 1966 నాటి ఆష్కిన్, బాయిడ్, జీడ్జిక్‌లదే. స్టాన్‌ఫోర్డ్‌లో కొజ్లోవ్‌స్కీ, నేబర్స్, బయర్ 1988లో మెగ్నీషియం కలిపిన లిథియం నయోబేట్ ముక్క కొసలనే అద్దాలుగా మలిచి, 52.5 మిల్లీవాట్ల పరారుణం నుంచి 29.7 మిల్లీవాట్ల ఆకుపచ్చ కాంతి తీశారు, 56 శాతం. ఇంత కొద్దిపాటి శక్తితో సగానికి మించి మార్చడం పదేళ్ల ముందు ఊహకందేది కాదు. 1992లో కాల్టెక్‌లో కింబుల్ బృందం కేటీపీతో 85 శాతానికి చేరింది.

చైనాలో కథ ఇంకో మలుపు తిరిగింది. ఫుజియాన్‌లో స్ఫటిక నిర్మాణాలను పరిశోధించే సంస్థలో చెన్ చువాంగ్‌తియాన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలో ఎదురు దారిన నడిచాడు. స్ఫటికాలను పెంచి చూసి గుణం కొలవడం కాదు, స్ఫటికంలోని రుణ అయానుల గుంపు ఆకారాన్ని బట్టి గుణకం ఎంత ఉంటుందో ముందే లెక్కించాలన్నాడు. ఆ లెక్క అతణ్ణి బోరేట్ల వైపు నడిపింది. బీబీఓ, ఎల్‌బీఓ అనే బోరేట్ స్ఫటికాల్లో మొదటిది 1980లలో, రెండోది 1989లో పత్రికలకెక్కాయి. రెండూ లోతైన అతినీలలోహితం దాకా పారదర్శకం, రెండూ తీవ్రమైన కాంతికి తట్టుకుంటాయి. ఎల్‌బీఓను 150 డిగ్రీల దరిదాపుల్లో ఉంచితే 1064 నానోమీటర్ల కాంతికి జారుడు లేకుండా వేగాలు కలుస్తాయి. అధికశక్తి ఆకుపచ్చ లేజర్లలో ఈనాటికీ దానిదే రాజ్యం. పదార్థాన్ని ఊహించి పెంచడంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ రంగంలో నాకు కనబడదు.

కొత్త స్ఫటికాలెన్ని వచ్చినా కేడీపీకి పోటీ లేని చోటు ఒకటుంది. లేజర్లతో కేంద్రక సంలీనం సాధించాలనుకున్నవాళ్లకు పరారుణ కాంతి అచ్చిరాలేదు. దానివల్ల పుట్టే వేడి ఎలక్ట్రాన్లు లోపలి ఇంధనాన్ని ముందే వేడెక్కించి, నొక్కుడు పడకుండా చేశాయి. తరంగదైర్ఘ్యాన్ని మూడో వంతుకు తగ్గించాలి. 1980లో రోచెస్టర్‌లో 80 శాతం దక్షతతో అది సాధ్యమని చూపారు: ముందు రెట్టింపు, తరవాత ఆ రెట్టింపు కాంతితో మిగిలిన పరారుణ కాంతి కలయిక. ఇక కావాల్సింది అరచేతిలో పట్టే ముక్క కాదు, దాదాపు 40 సెంటీమీటర్ల చదరపు పలక. అంత పెద్దగా పెరిగే అరేఖీయ స్ఫటికం నీటిలో పెరిగే కేడీపీ ఒక్కటే. పాత పద్ధతిలో అంతటి స్ఫటికానికి రెండేళ్లు పట్టేది. మాస్కోలో శిక్షణ పొందిన నటాలియా జైత్సేవా తెచ్చిన వేగవంతమైన పద్ధతిని లివర్మోర్ ప్రయోగశాల మెరుగుపరచి, 318 కిలోల ఒకే స్ఫటికాన్ని 52 రోజుల్లో పెంచింది. ద్రావణంలో ఎక్కడా అనవసరపు గింజ మొలవకుండా, ఒక్క గోళీ అంత గింజ నుంచి పిరమిడ్ ఆకారంలో. అలాంటి స్ఫటికాల నుంచి కోసిన పలకలు అదే ప్రయోగశాలలోని 192 కిరణాల నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో ఉన్నాయి. 2022 డిసెంబర్ 5న అక్కడ లక్ష్యానికి చేర్చిన 2.05 మెగాజౌళ్ల అతినీలలోహిత కాంతి నుంచి 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది.

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన పేరాగ్రాఫు దగ్గరికి ఇప్పుడు రావచ్చు. తలకిందులయ్యే స్ఫటికం మొదట దొరికింది ఒక పెంపకలోపం నుంచి. చొక్రాల్స్‌కీ పద్ధతిలో ఉష్ణోగ్రత ఊగిసలాడితే స్ఫటికంలో చారలు పడతాయి. పెంచేవాళ్లకు అది తలనొప్పి. నాన్‌జింగ్‌లో ఫెంగ్ దువాన్, మింగ్ నైబెన్ బృందం కావాలనే ఆ ఊగిసలాటను లయబద్ధం చేసి, దిశలు మారే పొరలున్న లిథియం నయోబేట్‌ను 1980లో చూపించింది. పొరల మందం కచ్చితంగా ఉండేది కాదు గాని బ్లూంబర్గన్ మాట నిజమని రుజువైంది. స్టాన్‌ఫోర్డ్‌లో ఫేయర్, బయర్ అదే దారిలో మరికొంత ముందుకు పోయారు.

అసలు తలుపు తెరిచింది సోనీ. 1993లో యమడా తదితరులు స్ఫటికాన్ని పెంచేటప్పుడు కాక, పెంచి కోసి నునుపు చేశాక దిశలు మార్చారు. పలక ముఖం మీద చిప్‌ల తయారీలో వాడే పద్ధతితోనే సన్నటి లోహపు చారలు అచ్చువేస్తారు. ఆ చారలకూ వెనక ముఖానికీ మధ్య మిల్లీమీటరుకు ఇరవై వేల వోల్టుల పైచిలుకు క్షేత్రాన్ని క్షణంపాటు ప్రయోగిస్తారు. చార ఉన్న చోట అయానులు ఆవలి పక్కకు దూకుతాయి, దిశ తిరగబడుతుంది. లేనిచోట అలాగే ఉంటుంది. ఎన్ని ఆవేశాలు ప్రవహించాయో కొలిస్తే ఎంత భాగం తిరగబడిందో తెలుస్తుంది, సరిపోగానే వోల్టేజీ తీసేస్తారు. పరారుణం నుంచి ఆకుపచ్చకు ఒక జత పొరల మందం ఏడు మైక్రాన్లకు లోపు. ఇంకో మేలేమంటే వేగాలు కలవాల్సిన పని లేదు గనుక రెండు కాంతుల కంపనదిశా ఒకటే ఉండవచ్చు. అందువల్ల లిథియం నయోబేట్‌లో అప్పటిదాకా అందని అతిపెద్ద గుణకం వాడుకలోకి వచ్చి, దక్షత పదింతలకు పైగా పెరిగింది. 1997లో స్టాన్‌ఫోర్డ్ బృందం 53 మిల్లీమీటర్ల ముక్కలోంచి అద్దాల గదులేమీ లేకుండా ఒక్కసారి పోనిచ్చి 6.5 వాట్లలో 2.7 వాట్లను, అంటే 42 శాతాన్ని ఆకుపచ్చగా మార్చింది.

సోనీకి కావలసింది మాత్రం ఆకుపచ్చ కాదు, డిస్కుల మీద మరింత చిన్న అక్షరాలు చదవడానికి చౌకైన నీలికాంతి. ఆ కోరిక తీరేలోపే నిచియాలో నకమురా గాలియం నైట్రైడ్‌తో నేరుగా నీలికాంతినిచ్చే డయోడ్ చేశాడు. 1996 నాటికి లేజర్ డయోడ్ కూడా సిద్ధమైంది. డబ్లింగ్‌తో నీలికాంతి అన్న ఆలోచన వినియోగవస్తువుల బజారులో అక్కడితో ముగిసింది. పద్ధతి మాత్రం నిలిచింది.

ఈ పద్ధతిని కేటీపీకి వర్తింపజేసి, అద్దాల గదిలో ఉంచి, జర్మనీలోని హానోవర్‌లో ష్నాబెల్ బృందం 2011లో 1550 నానోమీటర్ల కాంతిలో 95 శాతాన్ని 775 నానోమీటర్లకు మార్చింది. గురుత్వ తరంగాలను వెతికే పరికరాల్లో క్వాంటం రొదను అణిచే ప్రత్యేక కాంతిని తయారుచేయడానికి ఇంతటి నష్టం లేని మార్పిడి అవసరం. ఈ స్థాయిలో శత్రువు ఇక ఫేజ్ కాదు, వేడి. స్ఫటికం సెంటీమీటరుకు పదివేల వంతుల్లో కాంతిని పీల్చుకున్నా, కిరణం నడుమ అంచుకన్నా వేడెక్కి, నడిమి కాంతికి ఒక ఉష్ణోగ్రత, అంచు కాంతికి ఒక ఉష్ణోగ్రత సరిపడవలసి వస్తుంది. పైగా ఆకుపచ్చ కాంతి ఉన్నచోట స్ఫటికం పరారుణాన్ని మామూలుకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే మంచి ప్రయోగశాలలో స్ఫటికపు కొలిమిని డిగ్రీలో వందో వంతు కదలకుండా కాస్తారు.

గత పదేళ్లుగా పని పల్చటి పొరల మీదికి మళ్లింది. కొన్ని వందల నానోమీటర్ల మందమున్న లిథియం నయోబేట్ పొరను గాజు లాంటి సిలికా మీద అతికించి, అందులో సన్నటి దారి చెక్కి, పొరల దిశలు మార్చి కాంతిని నడిపిస్తున్నారు. కాంతి ఎంత ఇరుకులో ఒదిగితే తీవ్రత అంత ఎక్కువ కాబట్టి, మిల్లీవాట్ల శక్తికే పెద్ద మార్పిడి వస్తోంది. ఇక్కడ పొర మందం కొద్ది నానోమీటర్లు తేడా వచ్చినా వేగాలు కలిసే తరంగదైర్ఘ్యం జరిగిపోతుంది. ఒకే పలకలోనే ఒక అంచుకూ మరో అంచుకూ ఆ తేడా ఉంటుంది. అందువల్ల ఇప్పుడు కొందరు పలక మొత్తాన్నీ ముందుగా కొలిచి, ఎక్కడ ఎంత మందముందో చూసుకుని, ఆ తేడాకు తగ్గట్టు పొరల వరసను మార్చి అచ్చువేస్తున్నారు.